గేజు పడిపోతోంది, ఇంజన్ దింపాలా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు బయటపెట్టొద్దన్నారు. ఫిషింగ్ హార్బర్‌లో ఆయనకు ఒక మరబోటు ఉంది. తండ్రి పోయాక ఆయన చేతికి వచ్చింది. అందులో ఉన్నది పాత ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, వయసు ఇరవై ఏళ్ళు దాటింది. ఎనిమిదేళ్ళ కిందట తండ్రి హయాంలోనే ఒకసారి పూర్తిగా విప్పి కట్టారు.

ఇక ఆయన మాటల్లోనే (ప్రెషర్ కేజీలంటే చదరపు సెంటీమీటరుకు కేజీలు, స్లో అంటే ఇంజన్ ఖాళీగా తిరిగే కనీస వేగం): "సంక్రాంతి దాటినప్పటి నుంచి ఆయిల్ ప్రెషర్ తేడాగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే గేజు 4 కేజీలు చూపిస్తుంది. రెండు గంటలు నడిచి బాగా వేడెక్కాక స్లోలో పెడితే అర కేజీకి పడిపోతుంది. రేస్ పెంచితే 2 దాకా లేస్తుంది. ఇదివరకు వేడి మీద స్లోలో కూడా ఒకటిన్నర ఉండేది. శబ్దంలో తేడా నాకైతే తెలియట్లేదు. పొగ మామూలుగానే ఉంది. ఒక్క మంచి విషయం ఏమిటంటే, ఇదివరకు ప్రతి వేటకీ లీటరు, లీటరున్నర ఆయిల్ పోయాల్సి వచ్చేది. ఈ మధ్య అసలు పోయక్కర్లేదు."

ఎవరి సలహా వారిదట. డ్రైవర్ "గేజు పాడైంది, ఇంజన్‌కేం కాలేదు" అంటున్నాడు. బావమరిది "చిక్కటి ఆయిల్ పోసి సీజన్ లాగించేద్దాం" అంటున్నాడు. మెకానిక్ ఆయన తండ్రికి ముప్పై ఏళ్ళ స్నేహితుడు, ఈయన బాబాయ్ అని పిలిచే మనిషి. ఒక సాయంత్రం వచ్చి ఇంజన్ చప్పుడు విని, "బేరింగులు అయిపోయాయిరా, దింపేసి మొత్తం పని చేయించు, రెండు లక్షల దాకా అవుతుంది" అన్నాడు. ఆ డబ్బు కోసం చేపలు కొనే వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకోవాలా, భార్య నగలు కుదువ పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. అంతవరకు ఇంకో ఆరేడు వారాలు వేట ఉంది. బోటు మీద ఆధారపడ్డ కలాసీలు, డ్రైవర్ కలిపి ఎనిమిది మంది. "బాబాయ్ మాట కాదని ఇంకొకరికి చూపిస్తే ఆయన మనసు కష్టపడుతుంది. ఆయన మాట నమ్మి అప్పు చేస్తే, తీరా అది అవసరం లేదని తేలితే? ఏం చెయ్యకుండా వేటకు పంపితే, సముద్రం మధ్యలో ఇంజన్ పట్టేస్తే? రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు" అని ముగించారు.

మీ టెన్షన్ న్యాయమైనదే. చేతిలో డబ్బు లేని సమయంలో, ఎనిమిది మంది ప్రాణాలతో ముడిపడ్డ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అనిపించింది ఇది: మీరు డబ్బు ఎక్కడ తేవాలా అని ఆలోచిస్తున్నారు గానీ, దానికి ముందు జరగాల్సిన పని ఇంకా జరగలేదు. మీ ఇంజన్‌లో అసలు ప్రెషర్ ఎంత ఉందో ఇంతవరకు ఎవరూ కొలవలేదు. డ్రైవర్ ఊహించాడు, బావమరిది ఊహించాడు, మీ బాబాయ్ తన అనుభవంతో అంచనా వేశాడు. ఆయన అంచనాకు మిగతా ఇద్దరి ఊహకన్నా బరువెక్కువ, నిజమే. అయినా రెండు లక్షల పనికి అంచనా చాలదు.

ఇంకో మాట. మీరు మంచి విషయం అని రాసినదే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. వేటకు లీటరున్నర దాకా తాగే పాత ఇంజన్ ఉన్నట్టుండి ఆయిల్ తాగడం మానేయదు. రింగులు, వాల్వ్ గైడ్లు వాటంతట అవి బాగుపడవు. ఆయిల్ ఎప్పటిలాగే ఖర్చవుతూ, డిప్‌స్టిక్ మీద గీత మాత్రం తగ్గట్లేదంటే, ఖర్చయిన ఆయిల్ స్థానంలో ఇంకేదో వచ్చి చేరుతోందని అనుమానించాలి. డీజిల్ ఇంజన్‌లో అలా చేరేవి రెండే: డీజిల్, లేదా నీళ్ళు. ఆయిల్ తెల్లగా, మజ్జిగలా మారిందని మీరు రాయలేదు. అందుకే నా మొదటి అనుమానం డీజిల్ మీద. డిప్‌స్టిక్ గీత ఫుల్ మార్కుకు పైన ఉంటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ఇది ప్రెషర్‌ను ఎలా పడేస్తుందో చెబుతాను. ఆయిల్ పంపు ప్రెషర్‌ను తయారు చెయ్యదు, ఆయిల్‌ను తోస్తుంది, అంతే. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటికి కారేటప్పుడు ఎంత అడ్డు తగిలితే అంత ప్రెషర్. తోటకు నీళ్ళు పట్టే గొట్టం చివర వేలితో నొక్కితే నీళ్ళు దూకుతాయి, వేలు తీస్తే చప్పబడతాయి, అలాగే. కాబట్టి ప్రెషర్ పడడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. పంపు తోసే ఆయిల్ తగ్గాలి, లేదా సందులు పెరగాలి, లేదా ఆయిల్ పలచబడాలి.

సందుల విషయంలో మీ బాబాయ్ భయం ఊరికే వచ్చింది కాదు. బేరింగు సందు రెట్టింపయితే అందులోంచి కారే ఆయిల్ రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే కొద్దిపాటి అరుగుదలే గేజు మీద పెద్దగా కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక స్లోలో పడిపోయి, రేస్ పెంచితే లేవడం అరిగిన బేరింగుల లక్షణమే. ఏ మంచి మెకానిక్ అయినా ముందు అదే అంటాడు.

కానీ పలచబడ్డ ఆయిల్ లక్షణం కూడా అచ్చం అదే. సాధారణంగా వాడే 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల వేడి దగ్గర 100 సెంటీస్టోకులకు (చిక్కదనం కొలమానం) పైనే ఉంటుంది. 100 డిగ్రీలకు వచ్చేసరికి 12.5 నుంచి 16.3 మధ్యకు దిగుతుంది. అంటే మంచి ఆయిల్ కూడా వేడికి ఏడో వంతు అవుతుంది. ఇక డీజిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గరే 2 నుంచి 4.5. నూటికి అయిదు వంతుల డీజిల్ కలిసినా 40 గ్రేడు ఆయిల్ దాదాపు 30 గ్రేడులా ప్రవర్తిస్తుంది. చల్లటి ఉదయం గేజు అంతా బాగుందని చూపిస్తుంది, వేడెక్కాక అసలు సంగతి బయటపడుతుంది. రెండు జబ్బులకూ ఒకే లక్షణం. ఒకదానికి ఇంజన్ దింపాలి. రెండోది కొన్నిసార్లు నాజిళ్ళు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి), ఫ్యూయల్ పంపు బాగుచేసే షాపుతో తేలిపోతుంది. ఈ తేడా తెలుసుకోకుండా నగలు బయటికి తీయొద్దు.

డ్రైవర్ మాటను కూడా కొట్టిపారేయక్కర్లేదు. ఉప్పు గాలిలో ఎర్త్ వైరు తుప్పు పట్టడం, సెన్సర్ తప్పు చూపించడం హార్బర్‌లో మామూలే. అయితే మీ గేజు చల్లగా ఉన్నప్పుడు ఒక మాట, వేడి మీద ఒక మాట, రేస్ పెంచితే ఒక మాట పద్ధతిగా చెబుతోంది. పూర్తిగా పాడైన గేజు అంత పద్ధతిగా కదలదు. అంకె కొంత అటూఇటూ ఉండొచ్చు, పడిపోవడం మాత్రం నిజమే అయ్యే అవకాశం ఎక్కువ.

అందుకే మొదటి పని మెకానికల్ గేజు పెట్టించడం. సెన్సర్ విప్పి, దాని స్థానంలో గొట్టంతో నేరుగా ఆయిల్ గేలరీకి (బ్లాకులో ఆయిల్ పారే దారికి) తగిలించే గేజు ఇది. హార్బర్ మెకానిక్కుల దగ్గర ఉంటుంది, లేకపోతే గాజువాక ఆటోనగర్‌లో అడగండి. సెన్సర్ మరకు సరిపోయే అడాప్టర్ కావాలి. మర కలవకపోయినా బలవంతంగా తిప్పితే బ్లాకు దారం పోతుంది, అక్కడ మాత్రం తొందరపడనివ్వకండి. బోటును జెట్టీలోనే కట్టి, ఇంజన్‌ను పూర్తిగా వేడెక్కనిచ్చి, స్లోలో ఎంత, 1000 ఆర్‌పీఎం దగ్గర ఎంత, మామూలుగా నడిపే వేగం దగ్గర ఎంత అని కాగితం మీద రాయండి. పక్కన నీళ్ళ వేడి ఎంతో కూడా రాయండి, ఎందుకంటే వేడి తెలియని ప్రెషర్ అంకెకు అర్థం ఉండదు.

ఆ అంకెను దేనితో పోల్చాలి? మీ ఇంజన్ మాన్యువల్‌లో రాసినదే చివరి మాట. అది దొరికేలోపు పాత మెకానిక్కులు చెప్పుకునే ఒక మోటు లెక్క ఉంది: వేడి మీద ప్రతి 1000 ఆర్‌పీఎంకి కనీసం 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 కేజీ ఉండాలి. దాని ప్రకారం మీ అర కేజీ సరిగ్గా హద్దు మీద ఉంది, 2 కేజీలు హద్దుకు పైనే ఉంది. అంటే ఇది ఈ రాత్రికే పేలిపోయే ఇంజన్ అని మీ అంకెలు చెప్పట్లేదు. కానీ ఒకటిన్నర ఉన్నది కొన్ని వారాల్లో అర కేజీకి దిగింది. నేను అంకె కన్నా ఆ దిగుడునే ఎక్కువ పట్టించుకుంటాను. బేరింగులు ఏళ్ళ తరబడి మెల్లగా అరుగుతాయి. వారాల్లో వచ్చిన మార్పుకు వేరే కారణం వెతకడం మంచిది.

రెండో పని, ఆయిల్‌ను చూడడం. దయచేసి ముందే ఆయిల్ మార్చేయకండి, పాత ఆయిలే మీ సాక్ష్యం. రాత్రంతా ఆగిన ఇంజన్‌ను తెల్లవారి స్టార్ట్ చెయ్యకముందు, చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు నుంచి కొద్దిగా ఆయిల్ బయటికి తీయించండి. ప్లగ్గుకు చెయ్యి అందకపోతే సన్న గొట్టం పెట్టి చేతి పంపుతో లాగొచ్చు. నీళ్ళు ఉంటే బరువుకి అడుగుకు చేరతాయి కాబట్టి మొదటి గరిటెడులోనే కనిపిస్తాయి. అనుమానంగా ఉంటే వేడి రేకు మీద ఒక చుక్క వేయించండి, నీళ్ళుంటే చిటపటలాడుతుంది. నీళ్ళు తేలితే కథ వేరు. ఆయిల్ కూలర్, హెడ్ గాస్కెట్, లైనర్ల అడుగు రింగులు చూడాలి. అది సరిచేసేదాకా బోటు కదలకూడదు.

నీళ్ళు లేకపోతే, ఇంజన్ వేడి మీద ఆపి మధ్యలోంచి ఇంకో శాంపిల్ శుభ్రమైన సీసాలో పట్టండి. అదే గ్రేడు కొత్త ఆయిల్ అలాంటి సీసాలోనే పోసి, రెండూ ఒకే వేడికి వచ్చాక పక్కపక్కన వంచి చూడండి. పాతది నీళ్ళలా పరిగెత్తితే, వాసనలో డీజిల్ తెలిస్తే, డిప్‌స్టిక్ మీద గీత ఫుల్ మార్కు దాటి ఉంటే ఇంక పెద్దగా అనుమానం అక్కర్లేదు. పక్కాగా తెలియాలంటే ఆయిల్ టెస్టింగ్ ల్యాబుకు పంపొచ్చు. డీజిల్ శాతంతో పాటు ఇనుము, సీసం, రాగి ఎంతెంత ఉన్నాయో చెబుతారు. సీసం, రాగి ఎక్కువుంటే బేరింగులు మాట్లాడుతున్నట్టు. సోడియం ఎక్కువుంటే సముద్రం నీళ్ళు ఎక్కడో చొరబడుతున్నట్టు. రెండు లక్షల పనికి ముందు ఆ ఖర్చు వృథా కాదు.

డీజిల్ ఆయిల్‌లోకి వచ్చే దారులు మీ బాబాయ్‌కి తెలిసే ఉంటాయి, మీరు కూడా తెలుసుకోండి. నాజిల్ సరిగ్గా చిమ్మకుండా కారిస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడ మీదుగా కిందికి దిగుతుంది. చాలా పాత ఇంజన్లలో ఫ్యూయల్ పంపుకు లూబ్రికేషన్ ఇంజన్ ఆయిల్‌తోనే. ఆ పంపు లోపల ప్లంజర్లు అరిగితే డీజిల్ నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది. ఫీడ్ పంపు సీలు పోయినా అంతే. కొన్ని ఇంజన్లలో నాజిళ్ళ రిటర్న్ పైపులు రాకర్ కవర్ లోపలే ఉంటాయి, అక్కడ ఒక వాషర్ కారినా చాలు. ముందు రాకర్ కవర్ తీసి చూడడం, తర్వాత ఫీడ్ పంపు, ఆ తర్వాత నాజిళ్ళు, పంపు విప్పి పంపు షాపుకు పంపడం. ఈ వరుసలో వెళ్తే చవకైనవి ముందు తేలిపోతాయి.

డీజిల్ కలిసిన ఆయిల్‌ను చిన్న విషయం అనుకోకండి. ప్రెషర్ పడడం దానిలో ఒక భాగమే. పలచటి ఆయిల్ బేరింగును మోయలేదు, కాబట్టి ఇవాళ బాగున్న బేరింగును కూడా అదే తినేస్తుంది. గీత బాగా పైకి పోతే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) దారిన ఆ ఆయిల్ ఎయిర్‌లోకి లాగబడితే ఇంజన్ దాన్నే మండించుకుని, డీజిల్ ఆపినా ఆగకుండా పరిగెత్తే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ పరీక్ష అయ్యేదాకా బోటును వేటకు పంపొద్దని గట్టిగా చెబుతున్నాను. ఇది ఒకటి రెండు రోజుల పని, ఒక వేటకూ ఇంకో వేటకూ మధ్యలో అయిపోతుంది.

శాంపిల్ పట్టాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించండి. పాత ఫిల్టర్‌ను పారేయనివ్వకండి. లోపలి కాగితం విప్పి తెల్లటి పళ్ళెంలో శుభ్రమైన డీజిల్‌తో కడిగి, ఎండలో పట్టుకుని చూడండి. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో మెరిసేది బేరింగు లోపలి పొర. అది కనిపిస్తే మీ బాబాయ్ చెప్పినదే నిజం, ఇంక తర్కం అక్కర్లేదు, ఇంజన్ విప్పాల్సిందే. నల్లటి బురద, మసి మాత్రమే ఉంటే కొంత ఊపిరి తీసుకోవచ్చు.

కొత్త ఆయిల్‌తో అదే జెట్టీలో, అంతే వేడి దగ్గర, అవే మూడు వేగాల్లో మళ్ళీ కొలవండి. ఇక్కడి నుంచి మీ దారులు విడిపోతాయి.

స్లోలో ప్రెషర్ మళ్ళీ ఒకటి, ఒకటిన్నరకు వచ్చి, ఫిల్టర్‌లో లోహం లేకపోతే, జబ్బు ఆయిల్‌లోనే ఉంది. డీజిల్ కారే చోటు సరిచేయించి వేటకు వెళ్ళొచ్చు. కానీ మొదటి వేట దగ్గరలోనే, ఒకటి రెండు రోజులదే పెట్టుకోండి. రోజూ ఒకే సమయానికి, ఇంజన్ ఆపి పావుగంట ఆగాక డిప్‌స్టిక్ చూసి రాయించండి. గీత మళ్ళీ పైకి పాకితే కారే చోటు ఇంకా దొరకలేదని అర్థం, తిరిగి వచ్చేయాలి. గీత మెల్లగా కిందికి దిగుతోందంటే, పాత ఇంజన్ మళ్ళీ మామూలుగా ఆయిల్ తాగుతోందన్నమాట. ఇప్పుడు ఆ వార్తకు సంతోషించండి.

కొత్త ఆయిల్‌తో కొద్దిగా మాత్రమే లేచి, 0.7, 0.8 దగ్గర ఆగితే అది మధ్య దారి, కష్టమైన దారి కూడా. ఆయిల్ వల్ల కొంత, అరుగుదల వల్ల కొంత. ఇక్కడ రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్‌ను వదిలేసేది) ఒకసారి చూపించండి. చెత్త ఇరుక్కుని పూర్తిగా మూసుకోకపోతే స్లోలో ప్రెషర్ పడుతుంది, శుభ్రం చేస్తే సరిపోతుంది. అయితే స్ప్రింగు కింద వాషర్ పెట్టి బిగిద్దామని ఎవరైనా అంటే వద్దనండి. బాగున్న వాల్వ్ స్లోలో మూసుకునే ఉంటుంది కాబట్టి, దాన్ని ఎంత బిగించినా స్లోలో ప్రెషర్ పెరగదు. ఈ స్థితిలో, మాన్యువల్ వేడి వాతావరణానికి అనుమతిస్తే, ఒక గ్రేడు చిక్కటి ఆయిల్‌తో నిషేధం దాకా నెట్టుకురావడం తప్పు కాదు. ఇక్కడ మీ బావమరిది మాటకు చోటుంది. డీజిల్ కారుతూ ఉండగా పోస్తే మాత్రం ఆ చిక్కటి ఆయిల్ కూడా వారంలో పలచబడుతుంది, గేజు ఆ వారం రోజులు మిమ్మల్ని మోసం చేస్తుంది. ఒక్క గ్రేడు మించి వెళ్ళకండి. ప్రెషర్ పెంచుతామని డబ్బాల్లో అమ్మే మందులు వద్దే వద్దు. దూరం వేట మానుకోవాలి. అంటే రాబడి తగ్గుతుంది, ఆ సంగతి కలాసీలకు ముందే చెప్పాలి.

కొత్త ఆయిల్ పోసినా అంకె కదలకపోతే, లేదా లోహం కనిపిస్తే, లేదా లోపల నుంచి దెబ్బ కొట్టినట్టు చప్పుడు మొదలైతే వేట ఆపేయండి. ఆరు వారాల రాబడి పోతుంది, ఆ బాధ చిన్నది కాదు. కానీ నడుస్తుండగా బేరింగు పట్టేస్తే క్రాంకు పోతుంది, కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు చీల్చుకుని బయటికి రావొచ్చు. అప్పుడు రెండు లక్షలతో తేలదు, ఇంకో ఇంజనే వెతుక్కోవాలి. పైగా తీరం కనిపించని చోట బోటు నడవకుండా తేలుతుంటే ఆ ఎనిమిది మంది పరిస్థితి మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంజన్ విప్పాల్సి వస్తే "మొత్తం పని" అనే మాటను విడగొట్టి అడగండి. ఆయిల్ ప్రెషర్‌కూ పిస్టన్ రింగులకూ నేరుగా సంబంధం లేదు. ప్రెషర్ పడిందన్న ఒక్క కారణంతో లైనర్, పిస్టన్ కిట్ మార్చక్కర్లేదు. అవి పోయాయా లేదా అన్నది కంప్రెషన్, బ్రీదర్ నుంచి వచ్చే పొగ, స్టార్టింగ్ చెబుతాయి. మీ పొగ మామూలుగా ఉందన్నారు, కాబట్టి అడగడం న్యాయమే. బేరింగులకు ఎంత, క్రాంకు గ్రైండింగ్ కావాలంటే ఎంత, ఆయిల్ పంపు విప్పి కొలిచి అవసరమైతే మార్చడానికి ఎంత, కిట్టుకు ఎంత, మజూరీ ఎంత అని వేర్వేరుగా రాయించుకోండి. చాంబర్ లోపల పంపు జాలి మూసుకుపోయిందేమో, సక్షన్ పైపు జాయింటు గాలి పీలుస్తోందేమో చూడడం కూడా అప్పుడే. కొత్త బేరింగులు వేసి పాత పంపును చూడకుండా మూసేసిన పనులు నేను చూశాను. ప్రెషర్ ఎక్కడిదక్కడే ఉంటుంది, తిట్లు బేరింగులు తింటాయి.

మీ బాబాయ్ వైపు నుంచి కూడా ఒక సంగతి చెప్పాలి. బోటులో ఇంజన్ కింద చెయ్యి పట్టదు. లారీకి అయితే కింద పడుకుని చాంబర్ విప్పి, ఒక పూటలో బేరింగు చూసి మళ్ళీ బిగించొచ్చు. ఇక్కడ చాలా ఇంజన్లకు చాంబర్ తీయాలంటే చైన్ పుల్లీతో ఇంజన్ లేపాలి. లేపడానికే అంత శ్రమ, అంత మజూరీ అయినప్పుడు అన్నీ ఒకేసారి చేసేద్దాం అనడం దురాశ కాదు, అనుభవం. కంప్రెషన్ కూడా తక్కువని తేలితే ఆయన మాట వినడమే లాభం. రెండేళ్ళకే మళ్ళీ లేపే ఖర్చు తప్పుతుంది.

ఇక ఆయన్ని అడగడం ఎలా అన్నది. మీరు ఇంకో మెకానిక్‌ను చాటుగా పిలిస్తే, హార్బర్‌లో అది సాయంత్రానికే ఆయన చెవిన పడుతుంది. నిజంగా మనసు కష్టపడేది అప్పుడు. నేరుగా వెళ్ళి, "బాబాయ్, నువ్వు చెప్పింది విన్నాను. ఇంత డబ్బు పెట్టే ముందు గేజు పెట్టి కొలిచి, ఆయిల్, ఫిల్టర్ చూసుకుందాం. నాన్న ఉంటే ఆయనకు తెలిసేది, నాకు తెలియదు. దగ్గరుండి చూపించు" అనండి. ఇందులో అబద్ధం లేదు, అవమానం లేదు. ముప్పై ఏళ్ళు ఇంజన్లతో బతికిన మనిషికి చెవి మీద నమ్మకం ఉంటుంది, ఉండాలి కూడా. అయితే మీ బోటు ఆయిల్ తాగడం మానేసిందన్న సంగతి ఆయనకు మీరు చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పకపోయి ఉంటే ఆయన సగం సమాచారంతో తీర్పు చెప్పినట్టే. అది ముందు చెప్పండి. ఆయనే నాజిళ్ళ మాట ఎత్తినా నేను ఆశ్చర్యపోను. అప్పటికీ కొలవనని మొండికేస్తే, పరీక్ష వరకే ఇంకొకరితో చేయించి, ఆ కాగితం తీసుకెళ్ళి ఆయన ముందే పెట్టి మాట్లాడండి.

డబ్బు సంగతి. వ్యాపారి అడ్వాన్సు తేలిగ్గా దొరుకుతుంది గానీ, అది తీరేదాకా చేపలు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వెళ్తాయి. ఇంజన్ పని నెలలో అయిపోతుంది, ఆ కట్టుబాటు ఎన్ని సీజన్లు ఉంటుందో చెప్పలేం. నగల మీద బ్యాంకులో తీసుకుంటే వడ్డీ ఎంతో, ఎప్పటికి తీరుతుందో ముందే తెలుస్తుంది. రెండిట్లో నాకు అదే నయమనిపిస్తుంది. కాకపోతే అవి మీ భార్యవి. ఆవిడకు చెప్పినట్టు మీరు రాయలేదు. గేజు అంకెలు, ఫిల్టర్‌లో కనిపించింది, మెకానిక్ రాసిచ్చిన లెక్క, అన్నీ ఆవిడ ముందు పెట్టి అడగండి. కాదనే హక్కు కూడా ఆవిడకు ఉంది.

నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. పెద్ద పనికి అంతకన్నా మంచి సమయం లేదు. కానీ మీలాగే హార్బర్‌లో చాలా బోట్లు ఆ రోజుల కోసమే పనులు వాయిదా వేసుకుంటాయి. మెకానిక్కులు, లేత్ షాపులు, క్రాంకు గ్రైండింగ్ అన్నీ నిండిపోతాయి. ఇంజన్ దింపాలని తేలితే మీ బాబాయ్ దగ్గర తేదీ ఇప్పుడే ఖాయం చేసుకోండి. బేరింగు సైజు మాత్రం క్రాంకు కొలిచాకే కొనండి. ముందే కొని పెట్టుకుంటే, గ్రైండింగ్ తర్వాత అవి పనికిరాకపోవచ్చు.

ఈలోపు ఏ దారిలో వెళ్ళినా ఒక చిన్న పని చేయించండి. ఆయిల్ ప్రెషర్ తగ్గితే మోగే అలారం స్విచ్ ఒకటి, గేజు సెన్సర్‌తో సంబంధం లేకుండా విడిగా పెట్టించండి. ఇంజన్ హోరులో వినపడేంత పెద్ద హారన్, డ్రైవర్ కళ్ళ ముందు ఎర్ర లైటు ఉండాలి. అది మోగితే ముందు ఇంజన్ ఆపాలి, కారణం తర్వాత వెతకాలి అని డ్రైవర్‌కు స్పష్టంగా చెప్పండి. వల నీళ్ళలో ఉన్నా సరే. డాట్ పరికరం (ఆపదలో సంకేతం పంపేది), వీహెచ్ఎఫ్ రేడియో పని చేస్తున్నాయో లేదో బయల్దేరే ముందు చూసుకోమనండి. కోస్ట్ గార్డ్ 1554 నంబరు వీల్‌హౌస్‌లో రాసి పెట్టించండి, అది సిగ్నల్ అందినంత దూరమే పనికొస్తుందని కూడా చెప్పండి.

కొలిచాక, పాత ఆయిల్‌తో వచ్చిన మూడు అంకెలు, కొత్త ఆయిల్‌తో వచ్చిన మూడు అంకెలు, రెండుసార్లూ నీళ్ళ వేడి, డిప్‌స్టిక్ గీత ఎక్కడుందో రాసి పంపండి. ఫిల్టర్ కాగితం ఫొటో ఎండలో తీయండి, ఫ్లాష్ వేస్తే మసి కూడా లోహంలా మెరుస్తుంది.